దెయ్యం మింగిన 8,000 గంటలు

1978లో మలేషియాలోని సుంగై వేలో ఒక పెద్ద అమెరికన్ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ మూడు రోజులు మూతపడింది. సమ్మె జరగలేదు. కరెంటు పోలేదు. ముడిసరుకుకి కొరత రాలేదు. మైక్రోస్కోపుల దగ్గర కూర్చుని పనిచేసే అమ్మాయిలకి పూనకం వచ్చింది. ఒకరి తర్వాత ఒకరికి, మొత్తం 120 మంది దాకా. యాజమాన్యం చేసేది లేక ఒక బోమోని, అంటే మలయ్ భూతవైద్యుణ్ని పిలిపించింది. ఫ్యాక్టరీ ఆవరణలోనే మేకను బలిచ్చారు. ఎవరికో దెయ్యం కనపడినందుకు 8,000 పనిగంటలు పోయాయని హెడ్డాఫీసుకి ఎలా చెప్పాలో ఆ అమెరికన్ డైరెక్టరుకి పాలుపోలేదు.

ఈ సంగతి పరిశోధన లోకమంతటా తెలిసిందంటే అది ఐహ్వా ఓంగ్ అనే మానవశాస్త్రవేత్త వల్ల. అక్కడ వింత కోసం వెతికేవాళ్లకి పూనకం కనపడుతుంది, ఆర్థికవేత్తకి పోయిన గంటలు కనపడతాయి. ఓంగ్ అడిగినవి వేరే ప్రశ్నలు. పూనకం ఈ వయసు అమ్మాయిలకే ఎందుకు వస్తోంది? మైక్రోస్కోపు ముందే ఎందుకు? ఈ పదేళ్లలోనే ఎందుకు? ఈ ప్రశ్నలకి జవాబు వెతుకుతూ పోతే దారి ఫ్యాక్టరీ గేటు దాటి ఊళ్లోకి, ఇంట్లోకి, పెళ్లి మాటల్లోకి వెళ్తుంది. అదే దారి మరోవైపు టోక్యో, న్యూయార్క్ కంపెనీల లెక్కల పుస్తకాల్లోకీ వెళ్తుంది. జెండర్, లైంగికత, ప్రపంచ ఆర్థిక వ్యవస్థ అనే మూడింటినీ కలిపి చదవడమే జీవితకాలపు పనిగా పెట్టుకున్న మానవశాస్త్రవేత్తలు కొందరున్నారు. వాళ్ల పని మనకి ఎందుకు కావాలో ఓంగ్ దగ్గర మొదలుపెడితే తేలిగ్గా తెలుస్తుంది.

ముందు మాటల చిక్కు విప్పుకోవాలి. తెలుగులో 'లింగం' అనే ఒక్క మాటలో శరీరమూ ఉంది, వ్యాకరణమూ ఉంది, సమాజం ఆడవాళ్లకీ మగవాళ్లకీ పంచిపెట్టిన పాత్రలూ ఉన్నాయి. ఆ చివరిదాన్ని విడిగా పట్టుకోవడానికే 'జెండర్' అనే మాటని అలాగే తెచ్చుకున్నాం. 'లైంగికత' అనగానే చాలామందికి పడకగది గుర్తొస్తుంది. మానవశాస్త్రంలో దాని పరిధి ఇంకా పెద్దది. ఎవరు ఎవరిని కోరుకోవచ్చు, ఏ వయసులో ఎవరితో తిరిగితే పరువు పోతుంది, ఎవరి పెళ్లి ఎవరి చేతిలో ఉంది, ఏ కోరికకి చట్టం ఉంది, దేనికి శిక్ష ఉంది, ఇవన్నీ అందులోవే. ఇక 'ప్రపంచ ఆర్థిక వ్యవస్థ' అంటే స్టాక్ మార్కెట్ సూచీ ఒక్కటే కాదు. ఒక చిప్పు మీద సన్నటి తీగ అతికించే చేయి కూడా అదే.

చురుకైన వేళ్లు ఎక్కడ నేర్చాయి

1970ల్లో మలేషియా ప్రభుత్వం విదేశీ పెట్టుబడిదారుల కోసం ఒక ప్రచార పుస్తకం వేసింది. తూర్పుదేశాల స్త్రీ చేతి నేర్పు లోకప్రసిద్ధమని, ఆమె చేతులు చిన్నవని, ఎంతో జాగ్రత్తగా వేగంగా పనిచేస్తుందని అందులో రాశారు. అసెంబ్లీ లైను పనికి పుట్టుకతోనూ వారసత్వంతోనూ ఆమెకంటే తగినవాళ్లు ఎవరుంటారని కూడా అడిగారు. పుట్టుకతో అన్న ఆ ఒక్క మాట మీద 1981లో డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. ఈ రంగంలో పనిచేసేవాళ్లెవరూ దాన్ని చదవకుండా ముందుకి పోరు.

వాళ్లు చెప్పింది ఇది. ఆ వేళ్ల చురుకు పుట్టుకతో వచ్చింది కాదు. చిన్నప్పటి నుంచి తల్లి పక్కన కూర్చోబెట్టి సూది, దారం, కుట్టు, ఇంటిపని నేర్పిస్తే వచ్చింది. అంటే అది శిక్షణే, ఏళ్ల తరబడి జరిగిన శిక్షణ. కాని ఇంట్లో జరిగింది కాబట్టి దానికి సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ లేదు కాబట్టి అది నైపుణ్యం కింద లెక్కకి రాలేదు. నైపుణ్యం కాదు కాబట్టి జీతం అట్టడుగున ఆగిపోయింది. కంపెనీకి తయారైన కార్మికురాలు దొరికింది, ఆ తయారీ ఖర్చు పైసా కూడా కంపెనీ పెట్టలేదు.

నన్ను అడిగితే ఈ రంగం మొత్తానికీ కీలకం ఇక్కడే ఉంది. చవక శ్రమ అనేది బొగ్గులా నేలలో దొరికేది కాదు, ఎవరో ఎక్కడో తయారు చేస్తేనే ఉంటుంది. ఆ తయారీ ఎక్కువ భాగం ఇంట్లో, పెంపకంలో, పరువు గురించిన మాటల్లో జరుగుతుంది. అందుకే ఫ్యాక్టరీని మాత్రమే చూసే ఆర్థికశాస్త్రానికీ, కుటుంబాన్ని మాత్రమే చూసే సమాజశాస్త్రానికీ అది విడివిడిగా చిక్కదు.

ఈ ఆలోచనకి వేరు ఇంకో ఆరేళ్లు వెనక ఉంది. 1975లో అమెరికన్ మానవశాస్త్రవేత్త గేల్ రూబిన్ ఒక వ్యాసం అచ్చువేశారు. అప్పటికి ఆమె ఇంకా విద్యార్థే. పెళ్లి అంటే రెండు మగ బృందాల మధ్య స్త్రీని ఇచ్చిపుచ్చుకోవడమని ఫ్రెంచి మానవశాస్త్రవేత్త లెవీ స్త్రాస్ అంతకుముందే సిద్ధాంతం చేసి ఉన్నాడు. రూబిన్ దాన్ని తీసుకుని, మార్క్స్‌నీ ఫ్రాయిడ్‌నీ పక్కపక్కన పెట్టుకుని చదివి, ఇచ్చేవాళ్లెవరు, పుచ్చుకునేవాళ్లెవరు, మధ్యలో ఇవ్వబడేదెవరు అని నిలదీశారు. ఆడ శరీరంతో పుట్టడం వేరు, ఇంటిచాకిరీ చేసే భార్యగా తయారవడం వేరు, ఆ రెండోది ఒక సామాజిక ఏర్పాటు అని వాదించారు. ఆ ఏర్పాటుకి ఆమె పెట్టిన పేరుని తెలుగులో 'సెక్స్-జెండర్ వ్యవస్థ' అనుకోవచ్చు. ప్రతి సమాజానికీ పంట పండించే పద్ధతి ఒకటి ఉన్నట్టే, ఆడా మగని తయారుచేసే పద్ధతి కూడా ఒకటి ఉంటుందన్నమాట.

కరెంటు మీనా

ఐహ్వా ఓంగ్ పుట్టింది పెనాంగ్‌లో. పెద్ద చదువు అమెరికాలో, కొలంబియా యూనివర్సిటీలో. డాక్టరేట్ పరిశోధన కోసం 1970ల చివర మళ్లీ మలేషియా వచ్చి, సెలాంగోర్ రాష్ట్రం కువాలా లంగాట్ జిల్లాలోని ఒక పల్లెలో మకాం పెట్టారు. చుట్టూ తోటలు. వాటి పక్కనే కొత్తగా లేచిన ఫ్రీ ట్రేడ్ జోన్, అంటే పన్ను రాయితీలతో ఎగుమతి పరిశ్రమలకి కేటాయించిన వాడ, అందులో జపాన్ కంపెనీల ఫ్యాక్టరీలు. పల్లెల్లోకి కంపెనీ బస్సులు వచ్చి అమ్మాయిలని ఎక్కించుకుపోయేవి, షిఫ్టు అయ్యాక మళ్లీ దింపేవి.

1969 మే నెలలో మలయ్, చైనీయుల మధ్య జరిగిన అల్లర్ల తర్వాత మలేషియా ప్రభుత్వం 1971లో కొత్త ఆర్థిక విధానం తెచ్చింది. పల్లెల్లోని మలయ్‌లని పరిశ్రమల్లోకి తేవాలన్నది దాని ఆశయాల్లో ఒకటి. మరుసటి ఏడే పెనాంగ్‌లోని బయాన్ లెపాస్‌లో మొదటి ఫ్రీ ట్రేడ్ జోన్ తెరిచారు. తీరా ఉద్యోగాలొచ్చాక అవి ఎక్కువగా అందింది ఖాళీగా ఉన్న కొడుకులకి కాదు, కూతుళ్లకి. అదీ పెళ్లికాని కూతుళ్లకి. స్త్రీలతో రాత్రిపూట పని చేయించకూడదని చట్టం ఉన్నా ఈ ఫ్యాక్టరీలకి మినహాయింపులు దొరికాయి. ఎలక్ట్రానిక్స్ కార్మికులు యూనియన్ పెట్టుకోవడానికి 1988 దాకా ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ తర్వాత కూడా కంపెనీకి లోబడిన అంతర్గత యూనియన్లకే ఒప్పుకుంది.

ఇప్పుడు పూనకం దగ్గరికి వద్దాం. పాత మలయ్ పల్లెల్లో ఇది కొత్త కాదు. కాని అక్కడ అది ఎక్కువగా బాలింతలకీ, భర్త పోయినవాళ్లకీ, విడాకులైనవాళ్లకీ వచ్చేది. అంటే ఒక దశ నుంచి ఇంకో దశకి మారుతూ కాళ్ల కింద నేల కదిలినవాళ్లకి. ఫ్యాక్టరీలొచ్చాక అది పద్దెనిమిదీ ఇరవై ఏళ్ల పెళ్లికాని పిల్లలకి రావడం మొదలైంది. నేల ఇప్పుడు ఎవరి కాళ్ల కింద కదులుతోందో ఈ మార్పే చెబుతుంది.

పనిగది ఎలా ఉండేదో ఊహించండి. ఎనిమిది గంటలు మైక్రోస్కోపులోకి వంగి చూడాలి. పక్కపిల్లతో మాట్లాడకూడదు. రోజుకిన్ని అని టార్గెట్ ఉంటుంది, అందుకుంటే మర్నాడు అది పెరుగుతుంది. మరుగుదొడ్డికి వెళ్లాలన్నా ఫోర్‌మన్‌ని అడగాలి. ఆ ఫోర్‌మన్ పరాయి మగాడు, వీపు వెనకే తిరుగుతూ ఉంటాడు. అమ్మాయిలకి ఆకారాలు కనపడ్డ చోట్లు ఓంగ్ నమోదు చేశారు. మైక్రోస్కోపు అద్దంలో, మరుగుదొడ్లలో, బట్టలు మార్చుకునే గదిలో, నమాజు గదిలో. మైక్రోస్కోపుని పక్కన పెడితే మిగతావన్నీ ఫోర్‌మన్ చూపు చేరని చోట్లే. నాకు ఈ వివరం చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. కాపలా లేని ఆ నాలుగు నిమిషాల్లో వాళ్ల శరీరాలు అంతసేపూ అణిచిపెట్టుకున్నదాన్ని బయటపెట్టేసేవి.

కంపెనీ డాక్టర్లు దీనికి 'మాస్ హిస్టీరియా' అని పేరు పెట్టారు. ఈ పిల్లలు సరిగా తినరు, నిద్రపోరు, మనసు బలహీనం అన్నారు. ప్రశాంతపరిచే మందులిచ్చి ఇంటికి పంపేవారు. మళ్లీ మళ్లీ వస్తే ఉద్యోగంలోంచి తీసేసేవారు. అడగని ప్రశ్న ఒక్కటే, పని గురించిన ప్రశ్న. అలసట ఒక రోగమై, ఆ రోగం ఆడమనసు లక్షణమైపోయింది.

ఓంగ్ దీన్ని విప్లవం అనలేదు. ఈ సంయమనం నాకు నచ్చుతుంది, ఎందుకంటే పరిశోధకులకి తాము చూడాలనుకున్నదే చూసే జబ్బు ఉంటుంది. ఆ అమ్మాయిలు వర్గపోరాటం భాషలో మాట్లాడలేదు. యూనియన్ లేదు, సమ్మె లేదు, పై అధికారికి ఎదురుచెప్పే అలవాటు లేదు. ఉన్నదల్లా ఊరి నుంచి వెంట తెచ్చుకున్న భాష. పవిత్రమైన చోటు కలుషితమైతే ఆ చోటి ఆత్మలకి కోపం వస్తుందన్న భాష. ఆ భాషలో వాళ్లు ఇక్కడ మనుషులు ఉండాల్సినట్టు లేరు అని చెప్పారు. బోమో వచ్చి మేకను బలిచ్చినప్పుడు కంపెనీ కూడా తెలియకుండానే ఆ భాషలో జవాబిచ్చింది.

ఇంతవరకూ జెండర్, శ్రమ. లైంగికత ఎక్కడుంది? ఫ్యాక్టరీ పిల్లలకి పత్రికలూ జనమూ కలిసి ఒక పేరు పెట్టారు, 'మీనా కరన్' అని. మీనా మలయ్ ఆడపిల్లల్లో మామూలుగా వినపడే పేరు, కరన్ అంటే కరెంటు. కరెంటు మీనా అన్నమాట. జీన్స్ వేస్తుంది, సినిమాకి పోతుంది, జీతం డబ్బు తగలేస్తుంది, మగపిల్లలతో తిరుగుతుంది అని ఆ పేరులో ధ్వని. నిజానికి ఆ జీతంలో పెద్ద భాగం ఇంటికే పోయేది. తమ్ముళ్ల చదువులు, ఇంటి మరమ్మతులు దాని మీదే నడిచేవి. కాని చేతిలో కొంత డబ్బు ఉన్న ఆడపిల్ల తన పెళ్లి తనే వాయిదా వేయగలదు, నచ్చినవాణ్ని చేసుకుంటాననగలదు. అన్నం పెట్టే కూతురి మీద తండ్రి, అన్నల అజమాయిషీ సడలింది. సడలినకొద్దీ ఊరు, పత్రికలు, మతసంస్కర్తలు, రాజకీయ నాయకులు ఆమె నడవడి మీద కాపలా పెంచారు. ఆ కాపలా బరువుకి చాలామంది అమ్మాయిలు మరింత వినయంగా, మరింత నియమంగా ఉండి చూపించుకోవాల్సి వచ్చింది. వినయంగా ఉండే కార్మికురాలే ఫ్యాక్టరీకి కావాల్సింది కూడా. పరువు పేరుతో జరిగే కాపలాకీ, అసెంబ్లీ లైను క్రమశిక్షణకీ ఇలా బయటికి కనపడని పొత్తు కుదిరింది.

ఆ పొత్తుని కనిపెట్టడానికి ఊళ్లో ఉండాలి, భాష రావాలి, పెళ్లిళ్లకి వెళ్లాలి, షిఫ్టు దిగి వచ్చే పిల్లలతో కబుర్లాడాలి. ప్రశ్నపత్రం పంచి టిక్కులు పెట్టించుకుంటే దొరికేది కాదది. మానవశాస్త్రం ఏడాది, ఏడాదిన్నర ఫీల్డ్‌వర్క్ అడిగేది ఇందుకే. ఓంగ్ చేసిన ఆ పని 1987లో పుస్తకంగా వచ్చింది.

పని కాని పని, కార్మికులు కాని కార్మికులు

ఫ్యాక్టరీ లేకపోయినా ఇదే జరుగుతుందని చూపించిన పరిశోధన గోదావరి డెల్టాలోని నర్సాపురంలో జరిగింది. చేసింది జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు తెచ్చిన లేసు అల్లిక అక్కడ ఇంటింటి పని అయింది. 1970ల చివర మీస్ వెళ్లేటప్పటికి ఆ లేసు విదేశాలకి ఎగుమతి అవుతోంది, మధ్యలో ఏజెంట్లూ వ్యాపారులూ ఉన్నారు, వాళ్లు దాదాపు అందరూ మగవాళ్లు. అల్లేవాళ్లు మాత్రం ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులు. అలా అని వ్యాపారి అనుకున్నాడు, జనగణనలో రాసేవాడూ అనుకున్నాడు, చాలాసార్లు అల్లే ఆమె కూడా అనుకుంది. రోజంతా వంచిన మెడ ఎత్తకుండా చేసినా అది పని కాలేదు. పని కాదు కాబట్టి కూలిరేటు అడగడం అనే ప్రశ్న రాలేదు. గడప దాటని పరువు ఎంత గట్టిదైతే లేసు అంత చవక. మీస్ దీనికి 'గృహిణీకరణ' అని పేరు పెట్టారు, 1982లో పుస్తకం రాశారు. మలేషియాలో కూతురనే పేరు చేసిన పని ఇక్కడ ఇల్లాలనే పేరు చేసింది.

కార్లా ఫ్రీమన్ కథ ఇంకో రకం. ఎమరీ యూనివర్సిటీలో పనిచేసే ఈ అమెరికన్ మానవశాస్త్రవేత్త కరీబియన్ దీవి బార్బడోస్‌ని ఎంచుకున్నారు. 1980ల్లో అమెరికన్ కంపెనీలు అక్కడ డేటా ఎంట్రీ కేంద్రాలు తెరిచాయి. ప్రయాణికులు వాడేసిన విమాన టికెట్ల కట్టలు అమెరికా నుంచి విమానంలో దీవికి వచ్చేవి. అక్కడి యువతులు వాటి అంకెలు కంప్యూటర్లలో కొట్టేవాళ్లు. ఆ సమాచారం ఉపగ్రహం మీదుగా వెనక్కి పోయేది. ఎన్ని అక్షరాలు కొట్టారో, ఎన్ని తప్పులు పడ్డాయో యంత్రమే లెక్కపెట్టేది. పని తీరు చూస్తే ఇది అసెంబ్లీ లైనే.

అక్కడికి వచ్చే యువతులు మాత్రం స్కర్టు సూటు, ఎత్తుమడమల చెప్పులు, దిద్దిన జుట్టుతో బ్యాంకు ఆఫీసర్లలా వచ్చేవాళ్లు. అదే పారిశ్రామిక వాడలో కుట్టు ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్లకంటే జీతం గొప్పగా ఎక్కువేం కాదు. అయినా వీళ్లు తమని ఫ్యాక్టరీ మనుషులు అనుకోలేదు, ఊరూ అనుకోలేదు. ఏసీ గది, కంప్యూటరు, ఆ బట్టలు కలిసి జీతంలో లేని గౌరవాన్ని ఇచ్చాయి. కంపెనీకి ఇది లాభం, తక్కువ జీతానికి ఎక్కువ విధేయత. ఇక్కడితో ఆగితే కథ తేలిక. ఫ్రీమన్ ఆగలేదు, ఆ బట్టలు ఎక్కడినుంచి వస్తున్నాయని వెతికారు. కొన్ని వీధిలోని దర్జీ ఆమె కుట్టినవి, కొన్ని వాళ్లే రాత్రిళ్లు కుట్టుకున్నవి. బాగా పనిచేసినందుకు కంపెనీ బహుమతిగా ఇచ్చే ఉచిత విమాన ప్రయాణంతో కొందరు పక్క దేశాలకి పోయి, అక్కడ బట్టలు, చెప్పులు కొని తెచ్చి తోటివాళ్లకి అమ్ముకునేవాళ్లు. పగలు బహుళజాతి కంపెనీలో ఉద్యోగి, సాయంత్రం దర్జీ, సెలవురోజుల్లో సరిహద్దులు దాటే చిల్లర వ్యాపారి. ఒక్క మనిషే.

ప్రపంచీకరణ పైనుంచి వచ్చి పడే వాన అని, కింద తడిసే వాళ్లు స్థానికులని, అందులోనూ స్త్రీలని మనకి తెలియకుండానే ఒక బొమ్మ ఉంటుంది. పెద్ద సిద్ధాంతాలు ప్రపంచాన్ని మగగా, ఊరుని ఆడగా చూస్తాయని ఫ్రీమన్ 2001లో ఒక వ్యాసంలో పట్టి చూపించారు. ఆ చిల్లర వ్యాపారి సూట్‌కేసుతో విమానం ఎక్కినప్పుడు ప్రపంచీకరణని తడిసేవాళ్లే నడుపుతున్నారు కూడా.

డొమినికన్ రిపబ్లిక్‌లోని సోసువా పట్టణంలో అమెరికన్ మానవశాస్త్రవేత్త డెనిస్ బ్రెనన్ చేసిన పని ఇంకా సున్నితమైనది. అది సెక్స్ టూరిజం ఊరు, వచ్చేవాళ్లలో జర్మన్లు ఎక్కువ. పిల్లల్ని తల్లి దగ్గరో అక్క దగ్గరో వదిలి దేశంలోని బీద ప్రాంతాల నుంచి స్త్రీలు అక్కడికి వచ్చేవాళ్లు. ఒక్క రాత్రి డబ్బు కోసం మాత్రమే కాదు, పెళ్లీ వీసా దొరుకుతాయేమోనని కూడా. అక్కడి వాళ్ల మాటల్లో ప్రేమ కోసం పెళ్లి ఒకటి, నివాస పత్రాల కోసం పెళ్లి ఇంకొకటి. వెళ్లిపోయిన విదేశీయుడి నుంచి ఫ్యాక్స్ వచ్చిందేమో చూసుకోవడానికి ఫోను ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు. ప్రేమని నటించడం అక్కడ వలస వెళ్లే దారుల్లో ఒకటి. చాలామందికి ఆ దారి ఎటూ చేరలేదని బ్రెనన్ దాచకుండా రాశారు. వాళ్లు బలవంతాన లాక్కురాబడ్డ వాళ్లు కాదని, అలాగని స్వేచ్ఛగా ఎగిరే పక్షులూ కాదని చెప్పడం కష్టమైన పని, ఎందుకంటే లోకం ఆ రెంటిలో ఒకటే వినాలనుకుంటుంది. 2004లో ఈ పరిశోధన పుస్తకంగా వచ్చాక ఆమె అమెరికాలో మనుషుల అక్రమ రవాణా నుంచి బయటపడ్డవాళ్ల జీవితాల వైపు వెళ్లారు.

ఈ రంగంలో బతకడం

ఇలాంటి విషయాలు ఎంచుకున్నవాళ్ల ఉద్యోగ జీవితం సాఫీగా సాగదు. ఫ్యాక్టరీ అంటే పరిశోధనాంశం, కోరిక అంటే కాలక్షేపం అన్న దృష్టి విశ్వవిద్యాలయాల్లో చాలాకాలం ఉంది. తొలితరం మానవశాస్త్రవేత్తలు మార్గరెట్ మీడ్, మాలినోవ్‌స్కీ 1920ల్లోనే లైంగికత మీద రాశారు గదా అనొచ్చు. నిజమే, కాని వాళ్లు రాసింది దూరపు దీవుల గురించి. సొంత ఊరి గురించి అడిగితే సంగతి వేరు. లైంగికత మీద పనిచేస్తామన్న విద్యార్థులని ఈ శాస్త్రం ఎలా నిరుత్సాహపరిచిందో కరోల్ వాన్స్ అనే మానవశాస్త్రవేత్త 1991లో రాశారు. ఆ అంశం పట్టుకుంటే మనిషినే అనుమానంగా చూసేవారు.

గేల్ రూబిన్ జీవితమే దీనికి సాక్ష్యం. విద్యార్థిగానే పేరు తెచ్చుకున్న ఆమె 1978లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి, అక్కడి గే పురుషుల్లో తోలుదుస్తుల సంస్కృతి గల సమూహాల మీద ఫీల్డ్‌వర్క్ మొదలుపెట్టారు. 1982లో న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీలో లైంగికత మీద జరిగిన సదస్సుని పోర్నోగ్రఫీ వ్యతిరేక స్త్రీవాదులు గుమ్మం దగ్గర నిలబడి నిరసించారు. సదస్సు కోసం అచ్చువేసిన చిన్న పుస్తకాన్ని కాలేజీవాళ్లే స్వాధీనం చేసుకున్నారు. అక్కడ రూబిన్ చదివిన పత్రం 1984లో అచ్చయి తర్వాతి తరానికి పునాది అయింది. స్త్రీపురుష అసమానత గురించిన సిద్ధాంతం ఒక్కటే లైంగికతని వివరించలేదని, కోరికలకి కూడా మెట్లు, అంతస్తులు ఉంటాయని, కింది మెట్టువాళ్లని చట్టమూ వైద్యమూ పరువూ కలిసి శిక్షిస్తాయని ఆమె వాదన. అంటే 1975లో తను చెప్పినదాన్నే తను సరిదిద్దుకున్నారు. డాక్టరేట్ చేతికి వచ్చింది 1994లో. మధ్యలో ఎయిడ్స్ ఆమె రాస్తున్న మనుషుల్లో ఎందరినో తీసుకుపోయింది. వాళ్లు కలుసుకునే వీధుల్ని నగర పునర్నిర్మాణమూ స్థలాల ధరలూ ఖాళీ చేయించాయి. కోరిక గురించి మొదలైన పరిశోధన చివరికి భూమి రేట్ల గురించి కూడా మాట్లాడాల్సి వచ్చింది.

గట్టి అభ్యంతరాలూ ఉన్నాయి. సింగపూర్ ఆర్థికవేత్త లిండా లిమ్ చెబుతూ వచ్చింది ఏమిటంటే, బహుళజాతి కంపెనీల్లో పరిస్థితిని ఆదర్శంతో కాదు, ఆ అమ్మాయిలకి ఉన్న మిగతా దారులతో పోల్చాలి అని. ఇంట్లో జీతంలేని చాకిరీ, చిన్న చిన్న స్థానిక కొలిమిల్లాంటి కర్మాగారాలు, లేదా పెళ్లి, వీటితో పోలిస్తే ఫ్యాక్టరీ జీతం చాలామందికి మేలే. ఇది కొట్టిపారేసే మాట కాదు. ఓంగ్ రాసిన అమ్మాయిలు కూడా పూనకం తగ్గాక పనికి తిరిగి వెళ్లారు, ఎందుకంటే ఆ డబ్బుతోనే వాళ్లు పెళ్లి వాయిదా వేసుకోగలిగారు. దోపిడీ, విముక్తి రెండూ ఒకే జీతం కవరులో వస్తాయని ఒప్పుకోవడమే ఇక్కడ నిజాయితీ. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ మనుషుల కథలతో పుస్తకాలూ ప్రొఫెసర్ పదవులూ వచ్చేది పరిశోధకులకి. ఊరికీ మనుషులకీ మారుపేర్లు పెట్టి రహస్యం కాపాడతారు, అది అవసరమే. కాని మారుపేరు కింద మిగిలిన ఆమెకి తన గురించి ఏం రాశారో చదివే అవకాశం ఎప్పుడో గాని రాదు.

ఓంగ్ ఆ తర్వాత బర్క్‌లీలో ప్రొఫెసర్ అయ్యారు. ఒక ఫ్యాక్టరీ నుంచి ఆమె చూపు పౌరసత్వం వైపు వెళ్లింది. నాలుగు దేశాల్లో ఇళ్లూ పాస్‌పోర్టులూ పెట్టుకునే చైనీస్ వ్యాపార కుటుంబాల గురించి 1999లో, కాలిఫోర్నియాలో స్థిరపడ్డ కాంబోడియా శరణార్థుల గురించి 2003లో రాశారు. పైకి చూస్తే వేరే వేరే అంశాలు. కాని ప్రశ్న అదే, ఎవరి శరీరం ఏ సరిహద్దు ఎంత ధరకి దాటుతుంది అని.

మలేషియా ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో ఇప్పుడు పల్లె మలయ్ అమ్మాయిల చోట చాలావరకు ఇండోనేషియా, నేపాల్, బంగ్లాదేశ్ లాంటి దేశాల నుంచి వచ్చిన వలస కార్మికులు ఉన్నారు. వాళ్ల వెంట తండ్రి ఉండడు, ఊరు ఉండదు, కరెంటు మీనా అని పేరు పెట్టే పత్రికలు వాళ్ల గురించి పట్టించుకోవు. ఆ కాపలా పని ఇప్పుడు పర్మిట్ చేస్తోంది. తాత్కాలిక పర్మిట్ మీద వచ్చినవాళ్లు పనిలో ఉన్నంతకాలం అక్కడ పెళ్లి చేసుకోకూడదు. స్త్రీలకి జరిపే వైద్యపరీక్షల్లో గర్భపరీక్ష కూడా ఉంటుంది, గర్భం ఉన్నట్టు తేలితే పనికి పనికిరారని రాసి స్వదేశానికి పంపేస్తారు.